అరవై మూడో పేజీలో ఆయన

అచ్చుతప్పు అత్తయ్య ముందు "వాడొచ్చాడు" అని ఎవరైనా అన్నారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. "ఎవడు? పాలవాడా, కరెంటువాడా, నీ చిన్నప్పటి స్నేహితుడా? ముందు మనిషిని చెప్పు, తర్వాత 'వాడు' అను. నామవాచకం రాకుండా సర్వనామం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?" అని నిలదీస్తుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని ఈ విచారణ ఎదుర్కోలేక వాళ్ళన్నయ్య మాట్లాడటమే తగ్గించేశాడు. అసలే మితభాషి. చెల్లెలి పుణ్యమా అని ఇంట్లో దాదాపు మూగవాడి కింద లెక్క.

ఆ నియమం నుంచి మినహాయింపు ఒక్క వదినకే. "ఆయన లేచారా?", "ఆయనకి తలనొప్పిట", "ఆయన చెప్పులేవి?" అని వదిన రోజుకి ఇరవైసార్లు అంటుంది. ఒక్కసారి కూడా ముందు నామవాచకం పెట్టిన పాపాన పోలేదు. ఎవరా ఆయన అని అడిగినవాళ్ళూ లేరు. ముందూ వెనకా ఏమీ లేకుండా ఒక ఆడమనిషి నోట 'ఆయన' అని వచ్చిందంటే, ఆ ఆయన ఎవరో పక్కింటివాళ్ళకి కూడా తెలుసు. అత్తయ్య ఈ ఒక్క ఆయనని వ్యాకరణంలో ఇరికించలేక, అలాగని కొట్టెయ్యనూ లేక, "అది వేరే సంగతి" అని వదిలేసింది.

అత్తయ్య అసలు పేరు ఏవో కాగితాల్లో ఉంది. మేనకోడలు ఐదేళ్ళప్పుడు తన కథల పుస్తకం పట్టుకొస్తే, కథ చెప్పకుండా అందులో పదకొండు అచ్చుతప్పులు చూపించిందట. ఆ రోజు ఆ పిల్ల ఏడుస్తూ పెట్టిన పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడు మేనకోడలు మందుల షాపులో ఉద్యోగం చేస్తోంది, అత్తయ్యకి యాభై నిండటానికి రెండు నెలలు తక్కువ. ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం మొదలుపెట్టి ఇరవై ఏడేళ్ళు. ఒకప్పుడు పెళ్ళి మాట కూడా వచ్చింది. పెళ్ళికొడుకు తనే ముచ్చటపడి ఉత్తరం రాశాడు. 'ప్రేమతో' అనాల్సిన చోట రావొత్తు మరిచిపోయి 'పేమతో' అని సంతకం చేశాడు. అత్తయ్య ఎర్ర సిరాతో దిద్ది, తిరుగు టపాలో పంపించింది. మళ్ళీ జవాబు రాలేదు. ఇందులో నా తప్పేముందని ఆమె ఈ రోజుక్కూడా అడుగుతుంది.

ఇలాంటి మనిషి బల్ల మీదికి ఒక సోమవారం ప్రెస్సు ప్రొప్రయిటరు లావుపాటి డైరీలు నాలుగు తెచ్చి రెండు వేళ్ళతో జాగ్రత్తగా పెట్టాడు.

"మేడమ్, ఇది... కొంచెం... ప్రేమకథ."

"ఎవరికీ ఎవరికీ?"

"నీళ్ళ మీటర్లు చూసే అమ్మాయికీ..."

"ఊఁ?"

"భూగర్భంలో ఉన్న నీళ్ళ ట్యాంకులో కాపురముండే భూతానికీ."

అత్తయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ప్రొప్రయిటరు మొహంలో అచ్చుతప్పేమైనా ఉందేమోనని చూసింది. అతను చూపు తప్పించాడు. నవల పేరు 'ఆరు చేతుల కౌగిలి'. రాసింది ఒక పశువుల డాక్టరమ్మ. మందుల కంపెనీలు ఊరికే ఇచ్చిన డైరీల్లో, ఆవులకీ గేదెలకీ మధ్య దొరికిన ఖాళీలో, రెండేళ్ళు కూర్చుని చేత్తో రాసిందట.

ఆ ప్రెస్సులో ప్రూఫు చూసే పద్ధతి పాతది. ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదవాలి, రెండోవారు అచ్చు కాగితం మీద కళ్ళు పెట్టి దిద్దాలి. చదివేవారు మాటలతో సరిపెట్టుకుంటే కుదరదు, కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకే చదవాలి. నాలుగేళ్ళుగా ఆ చదివే పని బైండరు చేస్తున్నాడు. తాటిచెట్టంత మనిషి, వయసు యాభై మూడు, భార్య పోయి పదకొండేళ్ళు. పొద్దున్నంతా దబ్బనం, దారం, జిగురు గిన్నెతో పుస్తకాలు కుడతాడు. మధ్యాహ్నం మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి అత్తయ్య ఎదురుగా స్టూలు మీద కూర్చుంటాడు. అతని గొంతు వానాకాలం రేడియో వార్తల్లా ఒకే తీరున సాగుతుంది. రసాయనశాస్త్రం గైడు చదివినా, సహకార సంఘం నివేదిక చదివినా అదే గొంతు.

భూతం ప్రేమకథ కూడా అదే గొంతుతో చదివాడు.

"నీ పొలుసులంటే నాకు భయం లేదు ఫుల్‌స్టాపు. నన్ను దగ్గరికి తీసుకో కామా ఇంకా దగ్గరికి చుక్కలు మూడు. అయ్యో కామా అన్ని చేతులతోనూ ఒకేసారి వద్దు ఆశ్చర్యార్థకం."

అత్తయ్య ఎర్ర పెన్ను గాల్లోనే ఆగింది. "ఆశ్చర్యార్థకం తీసెయ్యండి," అంది, గొంతు సవరించుకుని. ఆశ్చర్యార్థకం అంటే ఆమెకి మొదట్నించీ గిట్టదు. ఆశ్చర్యపోవాల్సింది చదివేవాడు గానీ వాక్యం కాదు కదా అంటుంది. ఇరవై ఏడేళ్ళలో ఆ బల్ల మీద చచ్చిపోయిన ఆశ్చర్యార్థకాలకి లెక్కే లేదు. డాక్టరమ్మ రాతలో మొదటి వారమే మూడు వందలు పోయాయి.

అయితే మూడో రోజుకి ఆమె వాలకం మారింది. ఆ భూతానికున్న ఆరు చేతులకీ ఒక పట్టిక తయారుచేసి గోడకి అంటించింది. నలభై ఒకటో పేజీలో భూతం ఒక చేత్తో ఆ పిల్ల మీటరు పుస్తకం పట్టుకుంది, రెండో చేత్తో టార్చి, మూడో చేత్తో నిచ్చెన. నాలుగో చెయ్యి నడుం చుట్టూ వేసింది, ఐదో దాంతో పైపు మూసింది, ఆరో దాంతో ఆ పిల్ల జుట్టు సవరించింది, ఆపైన ఇంకో చేత్తో కన్నీళ్ళు తుడిచింది. అత్తయ్య మార్జిన్లో రాసింది: "ఇది ఏడోది. ఎక్కణ్ణుంచి వచ్చింది?" డాక్టరమ్మ నుంచి జవాబొచ్చింది: "టార్చి కింద పెట్టేసిందనుకోండి." అత్తయ్య మళ్ళీ రాసింది: "అనుకోవడం కుదరదు. పెట్టించండి."

ఇంకో చిక్కు ఇరవై రెండో పేజీలో. ఆ పిల్లని వాళ్ళమ్మ 'అది' అంటుంది, ఇళ్ళల్లో ఆడపిల్లని అనేదే ఆ మాట. భూతాన్ని లోకమంతా 'అది' అంటుంది. ఇద్దరూ మొదటిసారి ఎదురుపడ్డ చోట డాక్టరమ్మ ఏం రాసిందంటే, "అది దాన్ని కరిచింది. అది కెవ్వుమంది. అది దాన్ని చూసి జాలిపడింది." బైండరు ఇది చదివి, మొదటిసారి తన అంతట తాను ఆగాడు.

"మేడమ్, ఎవరు ఎవర్ని కరిచారు?"

అత్తయ్య అదే ప్రశ్న మార్జిన్లో రాసి పంపింది. మర్నాడు సమాధానం వచ్చింది: "అమ్మాయే కరిచింది. కెవ్వుమన్నది భూతం." బైండరు దాన్ని చదివి, ఫుల్‌స్టాపు అనబోయి అనలేకపోయాడు. భుజాలు కదిలాయి. అత్తయ్యకి కిసుక్కున నవ్వు తన్నుకొచ్చింది. ఇద్దరూ కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుని అలా ఎంతసేపు నవ్వారో, పక్క గదిలో కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే అమ్మాయి వచ్చి "ఏమైంది మేడమ్, ఎవరైనా పోయారా?" అని అడిగింది. ఆ గదిలోంచి అలాంటి చప్పుడు రావడం ఆమె ఎప్పుడూ వినలేదు పాపం.

అరవై మూడో పేజీకొచ్చిన రోజు పొద్దున అత్తయ్య కళ్ళజోడు కాడ ఊడిపోయింది. కళ్ళజోడు లేకపోతే ఆమెకి లోకమంతా నీళ్ళలో తడిసిన ప్రూఫు. బైండరు కళ్ళజోడు తీసుకెళ్ళి ఆ కాడని పుస్తకాలు కుట్టే దారంతో బిగించి తెస్తానన్నాడు. ఆ లోగా ఆమె ప్రూఫు కాగితాలు గదంతా, నేల మీద కూడా, వరసగా పరుచుకుని, చేసే పనేమీ లేక బల్ల మీద తల వాల్చింది. కన్ను అంటుకుంది.

మెలకువ వచ్చి చూస్తే గుమ్మం నిండా ఏదో పెద్ద ఆకారం మసకగా నిలబడి ఉంది. కదలడం లేదు.

"ఎవరది?"

"కళ్ళజోడు మేడమ్."

"ఎంతసేపయింది వచ్చి?"

"ఇప్పుడే ఫుల్‌స్టాపు," అన్నాడు బైండరు. ఆ గదిలో మాట్లాడీ మాట్లాడీ అది అతనికి అలవాటైపోయింది.

దగ్గరికెళ్ళి కళ్ళజోడు అందుకుని పెట్టుకుంది. చేతులు కడుక్కోకుండానే వచ్చినట్టున్నాడు, మణికట్టు దాకా జిగురు. లోపల అడుగుపెడితే కాగితాలు పాడవుతాయి, పిలిస్తే నిద్ర చెడుతుంది. కళ్ళజోడుని మాత్రం రెండు వేళ్ళ కొసలతో, జిగురు తగలకుండా పట్టుకున్నాడు. ఆ చేతుల మీద జిగురు పూర్తిగా ఎండి తెల్లగా పగుళ్ళిచ్చింది. ఆ జిగురు ఎండటానికి అరగంట పైనే పడుతుందని ప్రెస్సులో ఎవర్నడిగినా చెబుతారు. అత్తయ్య ఎవర్నీ అడగలేదు. ఆమెకే బాగా తెలుసు.

తర్వాత అతను చేతులు కడుక్కొచ్చి స్టూలు మీద కూర్చుని డైరీ తెరిచాడు. కథలో ఆ పిల్ల పొద్దుటి డ్యూటీ చేసీ చేసీ అలిసిపోయి మీటర్ల గదిలో నిద్రపోయి ఉంటుంది. భూతం నీళ్ళలోంచి వచ్చింది గానీ, లోపలికెళితే ఆ పిల్ల రిజిస్టర్లు తడిసిపోతాయని తలుపు దగ్గరే ఆగింది. బైండరు మామూలు గొంతుతో చదివాడు:

"ఆమె కళ్ళు తెరిచింది ఫుల్‌స్టాపు. అది గుమ్మం బయటే నిలబడింది ఫుల్‌స్టాపు. లోపలికి రాలేదు ఫుల్‌స్టాపు."

అత్తయ్య ఎర్ర పెన్ను తన పని తను చేసుకుపోయింది. ఏం చేసిందో చూసుకోలేదు కూడా. ఆ మధ్యాహ్నం ఆమెకి అంతా కొత్త కళ్ళజోడులోంచి చూసినట్టు ఉంది, మార్చింది ఒక్క దారమే అయినా.

పుస్తకం వచ్చింది. వచ్చిన రెండో వారానికే మేనకోడలు భోజనాల దగ్గర ఫోను పట్టుకుని ఊగిపోతోంది. ఆమె, ఆమె లాంటి పదిమంది పుస్తకాల పిచ్చివాళ్ళు కలిసి ఒక జట్టు కట్టారు. ప్రతి ఆదివారం సాయంత్రం టైలరమ్మ షాపు మేడ మీద కూర్చుని ఒక పుస్తకాన్ని చీల్చి చెండాడతారు. ఈసారి చెండాడటం మానేసి అందరూ ప్రేమలో పడ్డారు, అదీ ఒక్క పేజీతో.

"వినండి, నర్సక్క ఏం రాసిందో," అని చదివింది మేనకోడలు. "'అరవై మూడో పేజీ దగ్గర ఆగిపోయి, పేషెంటుకి పెట్టాల్సిన థర్మామీటరు నా నోట్లో పెట్టుకున్నాను. నూట రెండు చూపించింది.' టైలరమ్మ చూడండి, 'ఆ భూతానికి నేను చొక్కా కుడతాను. ఆరు చంకలు ఎక్కడ పెట్టాలో రెండ్రోజులుగా ఆలోచిస్తున్నాను.' ఇంక మన రిటైరైన బస్సు కండక్టరు తాతగారు! 'ముప్పై ఏళ్ళు తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి, గుమ్మంలో నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆరు చేతులుండి ఒక్కటి కూడా తలుపు మీద వెయ్యలేదు. మర్యాదంటే అదమ్మా.'"

"మా ఇంట్లో రెండు చేతులే," అంది వదిన, కూర వడ్డిస్తూ. "ఆ రెండూ టీవీ రిమోటుకే." పుస్తకం ఆమె కూడా చదివిందన్నమాట. దుప్పట్ల కింద దాచుకుని చదివింది. అన్నయ్య తల ఎత్తకుండా రిమోటు కింద పెట్టేశాడు.

"ఇంతకీ ఏముందే ఆ పేజీలో?" అంది అత్తయ్య, ఏమీ ఎరగనట్టు. నిజంగానే ఏమీ ఎరగదు.

"ఒక్క మాట అత్తా! పుస్తకమంతా భూతం 'అది'. 'అది వచ్చింది, అది ఈదింది.' అక్కడ మాత్రం, ఆ పిల్ల నిద్రకళ్ళతో చూసినప్పుడు, 'ఆయన గుమ్మం బయటే నిలబడ్డారు.' ఆయన! నిలబడ్డారు! తర్వాతి పేరాలో మళ్ళీ మామూలుగా అది. నిద్ర పూర్తిగా వదలక ముందు ఆ ఒక్క క్షణంలో ఆ పిల్లకి అతను సొంత మనిషై కనబడ్డాడన్నమాట. ఏం రాసింది అత్తా ఆ డాక్టరమ్మ! నేను పుస్తకం మూసేసి గది చుట్టూ మూడు రౌండ్లు కొట్టాను."

అత్తయ్య గొంతులో ముద్ద అడ్డం పడింది. నీళ్ళు తాగింది. బైండరు చదివింది 'అది' అనే. చెవుల్లో ఇంకా ఉంది. మర్నాడు అందరికంటే ముందు ప్రెస్సుకి వెళ్ళి పాత ప్రూఫుల కట్ట విప్పింది. అరవై మూడో పేజీలో 'అది' మీద నిట్టనిలువునా గీత, పక్కన తన గుండ్రటి చేతిరాతలో 'ఆయన'. 'నిలబడింది' కొట్టేసి 'నిలబడ్డారు'. 'రాలేదు' అన్న మాట ఎవరికైనా ఒకటే కాబట్టి అదొక్కటీ ఎర్ర సిరా తగలకుండా బతికిపోయింది. అత్తయ్య చెవులు వేడెక్కాయి. ఎవరూ లేని గదిలో కాగితాన్ని గుండెలకి హత్తుకుని, తను చేసిన పని తనకే తెలిసి, వెంటనే బల్ల మీద పెట్టేసింది.

అదే రోజు డాక్టరమ్మ ఫోను. ప్రొప్రయిటరు ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకున్నా గది మొత్తానికి వినిపిస్తోంది. "నూట పద్దెనిమిదో పేజీ కోసం రెండేళ్ళు చచ్చాను! ఆ పిల్ల మొదటిసారి 'అతను' అనేది అక్కడ! ఒక్కరూ నూట పద్దెనిమిది ఊసెత్తరే! ఎవర్ని కదిపినా అరవై మూడు! ఎవరండీ పెట్టారు ఆ ఆయనని? ఆదివారం వాళ్ళ సభకి నన్ను పిలిచారు. రెండో ముద్రణకి ముందు అక్కడే తేలాలి!"

ప్రొప్రయిటరు అత్తయ్య వైపు చూడను కూడా లేదు. ఆమె తప్పు చేస్తుందని అతను కలలో కూడా అనుకోడు. నేరుగా బైండరుని పిలిచాడు.

"నేనే తప్పు చదివాను సార్," అన్నాడు బైండరు, అడగకముందే. రేడియో గొంతు.

"ఇన్నేళ్ళ పేరు కదయ్యా మనది! సరే, రేపట్నుంచి నువ్వు జిగురు పని చూసుకో. చదవడానికి వేరే ఏర్పాటు చేస్తాను."

అత్తయ్య అక్కడే ఉంది. ఎవడో ఏమనుకుంటాడోనని జన్మలో వెనక్కి తగ్గని మనిషి, ఆ పూట బిగుసుకుపోయింది. ఇంటికెళ్ళి తన మీద తనకే అసహ్యం వేసి అన్నం కూడా తినలేదు.

వేరే ఏర్పాటంటే కంప్యూటరు. రాతప్రతిని దానికి చూపిస్తే అది పైకి చదువుతుంది. కామాలన్నీ పలికింది, ఒక్కటీ వదల్లేదు. గొంతు సవరించుకోదు, ఎవరు ఎవర్ని కరిచారని అడగదు. మూడు రోజులు దాంతో పనిచేసి అత్తయ్య తేల్చుకున్నది ఒకటే: ఈ మధ్యాహ్నాలు తను భరించలేదు. నిజం చెబితే ఇరవై ఏడేళ్ళ పేరు పోతుంది. పోతే పోనీ. కానీ ఎందుకు దిద్దావని అడుగుతారే! దానికి ఏం చెప్పాలి? చెప్పకపోతే, చెయ్యని తప్పు ఆ మనిషి నెత్తిన ఉండిపోతుంది, ఎదురుగా ఆ స్టూలు ఖాళీగా ఉండిపోతుంది.

ఆదివారం సాయంత్రం ఒకటే వాన. టైలరమ్మ మేడ మీద కుట్టుమిషన్లని గోడకి జరిపి కుర్చీలు వేశారు. జట్టు మొత్తం హాజరు. వదిన కూడా వచ్చింది, "ఊరికే తోడొచ్చాను" అంటూ, సంచిలో పుస్తకంతో. టైలరమ్మ ఆరు చేతుల చొక్కా నిజంగానే కుట్టి హ్యాంగరుకి తగిలించింది. చూసి నర్సక్క ఈల వేసింది. డాక్టరమ్మ గేదెల్ని అదిలించే గొంతుతో అందరికీ నమస్కారం పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మీ అభిప్రాయాలన్నీ చదివాను. సంతోషం. కానీ ఆ 'ఆయన' నేను రాయలేదు."

మేడ మీద పిడుగు పడ్డట్టయింది. "మీరు రాయకపోవడమేంటమ్మా?" అని కండక్టరు తాత కుర్చీలోంచి లేచాడు. "ఆ ముక్క కోసమే పుస్తకం మళ్ళీ మొదట్నుంచీ చదివాను!"

"నాకూ అంతే," అంది డాక్టరమ్మ. గొంతు కొంచెం తగ్గింది. "మొదట కోపం వచ్చింది. మళ్ళీ చదువుకున్నాక, ఇది నాకెందుకు తట్టలేదా అని ఏడుపొచ్చింది. అచ్చుతప్పు అంటున్నారు ప్రెస్సువాళ్ళు. చదివినాయన పొరపాటట. రెండో ముద్రణలో ఉంచాలా తియ్యాలా? పొరపాటైతే తీసేస్తాను. పొరపాటుకి నేను మెప్పు పొందలేను."

ప్రొప్రయిటరు నుదురు తుడుచుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సంతకాల కోసం కొత్తగా కుట్టిన పుస్తకాలు పట్టుకుని బైండరు వచ్చాడు. కట్ట చుట్టూ రెండు పొరల ప్లాస్టిక్కు కప్పి ఉంది, తను మాత్రం నిలువునా తడిసి ముద్దయ్యాడు. కట్ట లోపలి వైపు పెట్టి, తను గుమ్మం బయటే ఆగాడు. లోపల కుర్చీల నిండా, మిషన్ల మీద, జనం ఒళ్ళో, ఎక్కడ చూసినా పుస్తకాలు. అతని చొక్కా అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

అత్తయ్య చూసింది. ఆమె లేవడం మేనకోడలు చూసింది.

"చదవడంలో పొరపాటేమీ జరగలేదు," అంది అత్తయ్య. "ఆయన సరిగ్గానే చదివారు. దిద్దింది నేను."

ఇంకెవరి ముందైనా అయితే ఆ మాట దొర్లిపోయేది. వీళ్ళు రెండు వారాలుగా ఒక్క సర్వనామాన్ని పట్టుకుని వేలాడుతున్న మనుషులు. పైగా నాలుగేళ్ళుగా అత్తయ్య నోట ఆ మనిషి 'బైండరు గారు' తప్ప ఇంకోటి కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

మేనకోడలు నెమ్మదిగా అంది, కళ్ళు ఇంతింత చేసుకుని. "ఏ ఆయన అత్తా? ముందు నామవాచకం ఏదీ?"

అత్తయ్య జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నకి అవతలి పక్కన నిలబడింది. చెవుల దగ్గర్నుంచి మెడ దాకా ఎర్రసిరా పోసినట్టయింది. "అది వేరే సంగతి," అంది.

వదిన చేతిలోంచి సంచి జారి కింద పడింది. కండక్టరు తాత ఏం చెయ్యాలో తోచక, ముప్పై ఏళ్ళ అలవాటుగా, "రైట్ రైట్!" అని అరిచాడు. నర్సక్క టైలరమ్మని కౌగిలించుకుంది. ప్రొప్రయిటరు మాత్రం "అయితే అచ్చుతప్పు ఉన్నట్టా లేనట్టా?" అని పక్కవాళ్ళని అడుగుతున్నాడు. డాక్టరమ్మ గుమ్మం వైపు చూసి, ఆ తడిసిన ఆకారాన్ని ఎగాదిగా చూసి, పెన్ను తీసి పుస్తకం మొదటి పేజీలో ఏదో రాసుకుంది. "ఉంచుతున్నాను," అంది.

అత్తయ్య కుర్చీల మధ్య నుంచి నడిచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. గడప దాటలేదు.

"మీరెందుకు మీద వేసుకున్నారు? మీరు చదివింది 'అది' అని మీకు తెలుసుగా."

"తెలుసు," అన్నాడు బైండరు. "కుట్టడానికి కాగితాలు మడిచేటప్పుడే చూశాను, అచ్చులో 'ఆయన' అని ఉంది."

"అంటే పుస్తకం బయటికి పోకముందే! ఆపి చెప్పొచ్చుగా?"

"వెయ్యి కాపీలు మడిచాను మేడమ్. వెయ్యిసార్లు చూశాను." అతని రేడియో గొంతు మొదటిసారి తప్పిపోయింది. "ఒక్కసారి కూడా తప్పనిపించలేదు."

వెనక మేడంతా చెవులు రిక్కించుకుని ఉంది. వాన కూడా కాస్త తగ్గినట్టుంది, లేదా అత్తయ్యకి వినబడటం లేదు.

"లోపలికి రండి," అంది.

బైండరు కింద పుస్తకాల కట్ట వైపు చూశాడు, కారుతున్న నీళ్ళ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. అలవాటు కొద్దీ అడిగాడు.

"ఫుల్‌స్టాపా మేడమ్?"

అత్తయ్య తలుపు రెండో రెక్క కూడా తెరిచింది.

"ఆశ్చర్యార్థకం," అంది.